ఏడు గంటల వీధిలో ఇల్లు

"నీళ్ళు వదిలే ఉద్యోగం చేస్తూ నీళ్ళు రాని వీధిలో ఇల్లు కొంటానంటావేంటి, నీకేమైనా పిచ్చా?"

అత్తగారు ఈ ప్రశ్న అడిగేటప్పటికి ఆవిడ చేతిలో టీ గ్లాసు ఉంది. కోడలి చేతిలో బ్రోకరు రాసిచ్చిన కాగితం ఉంది. ఇద్దరి మధ్యా కూర్చున్న కొడుకు చేతుల్లో ఏమీ లేదు. అమ్మకీ పెళ్ళానికీ మధ్య మాట నడుస్తున్నప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూడడం అతను పదిహేడేళ్ళ కాపురంలో సాధించిన విద్య.

"పిచ్చి కాదత్తయ్యా, లెక్క," అంది కోడలు.

"ఏం లెక్క? ఆ వీధిలో కుళాయి తిప్పితే గాలి వస్తుందట. గాలి తాగి బతకమంటావా?"

ఈ కోడలిని పేటంతా నీళ్ళక్క అంటుంది. అప్పటికి ఆమె వయసు నలభై రెండు. అరవై దాటినవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు, నీళ్ళు ఆలస్యమైన రోజున అక్క తీసేసి ఇంకేదో అనేవాళ్ళు. నీటి సరఫరా శాఖలో వాల్వు ఆపరేటరు. తెల్లవారుజామున నాలుగున్నరకి మోపెడ్ మీద ట్యాంకు దగ్గరికి వస్తుంది. వెనక సీటుకి అడ్డంగా కట్టిన నాలుగడుగుల ఇనుప కడ్డీ ఉంటుంది, పైన టీ అక్షరంలా పట్టుకునే పిడి, కింద చదరపు గూడు. డిపార్టుమెంటులో దాన్ని కీ అంటారు. రోడ్డు మీది ఇనుప మూత లేపి, లోపలి వాల్వు తలకి కీ తగిలించి, ఎడమకి తిప్పితే నీళ్ళు వదిలినట్టు, కుడికి తిప్పితే కట్టేసినట్టు. పేటలో అలాంటి మూతలు పద్నాలుగు. ఏ మూత కింద ఎన్ని చుట్లు తిప్పాలో ఆమెకి పిల్ల పుట్టినరోజు కన్నా బాగా గుర్తు. ఒకదానికి పదహారు, ఒకదానికి పందొమ్మిది, చివరిదానికి ఇరవై రెండు.

ఇందులో కండబలం కన్నా చెవి ముఖ్యం. కీ పిడికి చెవి ఆనించి వింటే లోపల నీళ్ళ చప్పుడు వినపడుతుంది. సగం తెరిచిన వాల్వు బుసకొడుతుంది. పూర్తిగా తెరిస్తే శాంతిస్తుంది. ఈ విద్య ఆమెకి నేర్పింది ఆమెకి ముందు ఆ పేట చూసిన పెద్దాయన. రిటైరైన రోజున తన కీ ఆమె చేతిలో పెట్టి, "చెవి నమ్ముకో తల్లీ, కాగితం నమ్ముకోకు," అని చెప్పి వెళ్ళిపోయాడు. సలహా మంచిదే. చెవి కూడా మోసపోతుందన్న ముక్క చెప్పడం మరిచిపోయాడు.

పేటలో ప్రాంతాలకి మున్సిపాలిటీ పెట్టిన పేర్లు ఏవో ఉన్నాయి. నీళ్ళక్క వాటిని వాడేది కాదు. ట్యాంకు పక్కనున్న పెద్ద ఇళ్ళు ఐదు గంటల కాలనీ. బడి చుట్టూ అల్లుకున్న అపార్టుమెంట్లు ఆరు గంటల వీధులు. అన్నిటికన్నా చివర, పాత గోడౌన్ల వెనక ఉన్నది ఏడు గంటల వీధి. ఏ గంటకి ఎవరి వంతో అదే వాళ్ళ పేరు. ఐదు గంటల కాలనీకి అందరికన్నా ముందు, అందరికన్నా ఎక్కువ నీళ్ళు వస్తాయి, అందరికన్నా ఎక్కువ ఫిర్యాదులు కూడా అక్కణ్ణించే వస్తాయి. ఏడు గంటల వీధి నుంచి ఫిర్యాదులు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆ నిశ్శబ్దాన్ని ఆఫీసులో తృప్తి అని రాసుకున్నారు.

ఇల్లు కొనాల్సి రావడానికి కారణం మామూలుదే. మెయిన్ రోడ్డు అవతల పుస్తకాల బైండింగ్ షాపు మేడ మీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళు. కింద షాపులో ఆమె భర్త బైండరు. ఓనరు మేడ మీద కూడా కాగితం గోడౌను పెడతానన్నాడు, ఆరు నెలలు గడువిచ్చాడు. ఆ ఇంటికి బోరు నీళ్ళు. అంటే పదకొండేళ్ళుగా నాలుగు వేల ఇళ్ళకి నీళ్ళు వదులుతున్న మనిషి, తను వదిలిన నీళ్ళు పారే కుళాయి ఒక్కటి కూడా తన ఇంట్లో తిప్పి ఎరగదు.

కొనడానికి వాళ్ళ దగ్గర ఉన్నది ఆమె ఉద్యోగం మీద వచ్చే బ్యాంకు లోను. అది చాలదు. మిగతా నాలుగు లక్షలు అత్తగారివి. ఆవిడ ముప్పై మూడేళ్ళు ఆసుపత్రిలో వార్డు ఆయాగా చేసి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు. బ్యాంకు కన్నా ఆవిడ దగ్గరే షరతులు ఎక్కువ.

మూడు ఆదివారాలు కుటుంబమంతా పేట తిరిగింది. అత్తగారు, కొడుకు, కోడలు, తొమ్మిదో క్లాసు చదివే మనవరాలు. అందరూ ఇళ్ళు చూశారు. నీళ్ళక్క నేల చూసింది.

మొదటి ఆదివారం ఐదు గంటల కాలనీ. అక్కడ వాళ్ళ డబ్బుకి వచ్చేది ఒక కారు షెడ్డు. అయినా అత్తగారు గేటు గేటుకీ ఆగి, ఎవరో తనని లోపలికి రమ్మంటున్నట్టు చూసుకుంటూ నడిచింది. రెండో ఆదివారం ఆరు గంటల వీధులు. మూడో అంతస్తులో ఒక గది, ఇంకో సగం గది, ఎండ తగలని వంటిల్లు. బ్రోకరు కుళాయి తిప్పి చూపించాడు. నీళ్ళు దడదడా పడ్డాయి.

"చూశారా అమ్మా, ఫోర్సు," అన్నాడు.

"మోటరు పెట్టి లాగుతున్నారు," అంది నీళ్ళక్క. "కింద మెట్ల వెనక గోనెసంచి కప్పారు చూడు. పైపుకే తగిలించారు. రేపు మా వాళ్ళొచ్చి పీకేస్తే ఈ ఫోర్సు నువ్వు తెచ్చిస్తావా?"

బ్రోకరు ఆమెని కాసేపు తేరిపార చూసి, "మీరు నీళ్ళక్క కదూ," అన్నాడు. ఆ తర్వాత ఆ రోజంతా ఏ ఇంట్లోనూ కుళాయి జోలికి పోలేదు.

మూడో ఆదివారం ఏడు గంటల వీధి. చూద్దామన్నది ఆమె ఒక్కతే. ప్రతి గుమ్మం ముందూ నీలం రంగు డ్రమ్ము. ట్యాంకరు చక్రాలు పడి రోడ్డు ఒక పక్క కుంగిపోయింది. బ్రోకరు చూపించిన ఇల్లు కింది అంతస్తు. రెండు గదులు, గాలి ఆడే వంటిల్లు, ముందు మోపెడ్ పెట్టుకోవడానికి జాగా. ఆరు గంటల వీధుల్లో ఒకటిన్నర గదికి అడిగిన ధరకే ఇదంతా. ఎందుకింత చవకో బ్రోకరు దాచలేదు, ఆమె దగ్గర దాచడం దండగని అప్పటికి తెలిసొచ్చింది కాబట్టి.

ఆ సాయంత్రమే అత్తగారు టీ గ్లాసు పట్టుకుని పైన చెప్పిన ప్రశ్న అడిగింది. నీళ్ళక్క బ్రోకరు కాగితం వెనక ఒక గీత గీసింది.

"ఇది ట్యాంకు. ఇక్కడ కాలనీ, ఇక్కడ బడి, ఇక్కడ మనం చూసొచ్చిన వీధి. వాన పడితే కాలనీ నీళ్ళు ఎటు పోతాయి అత్తయ్యా?"

"నాకేం తెలుసు, డ్రైనేజీలోకి."

"డ్రైనేజీ నిండాక?"

"బడి వైపుకి," అంది మనవరాలు. "మా గేటు దగ్గర మోకాళ్ళ దాకా వస్తాయి. అక్కణ్ణించి గోడౌన్ల వైపు పోతాయి."

"అదీ సంగతి. వాన నీళ్ళు పరిగెత్తుకుంటూ పోయే చోటికి పైపు నీళ్ళు మాత్రం ఎందుకు పోవు? ఆ వీధి పేటకంతటికీ పల్లం. మా వాళ్ళు చివర ఉందని చూశారు, కింద ఉందని చూడలేదు. నీళ్ళు రాకపోవడానికి ఏదో అడ్డం ఉంది. అది ఎప్పటికైనా దొరుకుతుంది. దొరికిన మర్నాడు ఆ ధరకి ఆ ఇల్లు దొరకదు."

ఇక్కడ ఒక మాట. నీళ్ళు లేనివాళ్ళ కష్టం పంచుకోవడానికి ఆమె ఆ వీధి ఎంచుకుందని తర్వాత ఒక సభలో ఎవరో అన్నారు. అలాంటిదేమీ లేదు. ఆమెకి కావలసింది రెండు గదులు, గాలి ఆడే వంటిల్లు, నడిచి వెళ్ళేంత దూరంలో కూతురి బడి. డబ్బు చాలని మనిషి తనకి తెలిసిన ఒక్క విద్యనే పెట్టుబడిగా పెట్టింది. అందులో త్యాగం లేదు, పందెం ఉంది.

అత్తగారికి పందెం అర్థమైంది. "సంవత్సరం," అంది. "సంవత్సరంలో కుళాయిలో నీళ్ళు రాకపోతే ఇల్లు అమ్మేసి నా డబ్బు నా చేతిలో పెట్టి, నేను చూపించిన చోట అద్దెకుండాలి. మళ్ళీ నోరెత్తకూడదు."

"వస్తే?"

"వస్తే నెలనెలా ఇద్దువు. తొందరేం లేదు. కానీ రాసుకుంటాను."

కొడుకు గోడ మీంచి చూపు తిప్పి, "పుస్తకం నేను బైండు చేస్తానమ్మా," అన్నాడు. ఆ చర్చలో అతని పాత్ర అంతే.

ఇల్లు కొని చేరిన మొదటి మూడు నెలలూ పందెం అత్తగారిదే. వంతు ఏడు నుంచి ఎనిమిది దాకా. ఆ గంటలో కుళాయి నోరు తెరుచుకుని ఊరకే ఉండేది. నీళ్ళక్క లైనులో ఎక్కడో పూడిక ఉందనుకుంది. ఆఫీసులో చెబితే సెక్షన్ ఇంజినీరు నవ్వాడు. "టెయిల్ ఎండ్ అమ్మా అది. తెలిసి తెలిసి కొన్నావు. ఇప్పుడు నీ ఇంటి కోసం రోడ్డు తవ్వమంటావా?"

ఆ మాటకి ఆమె మళ్ళీ అడగలేదు. తన ఇంటి కోసమే కదా అన్న మాట నిజం కూడా కావడంతో అది మరీ గుచ్చుకుంది. డ్యూటీ అయ్యాక ట్యాంకరు దగ్గర అందరితో పాటు బిందె పట్టుకుని నిలబడేది. వెనక ఎవరో "కొట్టువాడే అరువుకి వచ్చాడు చూడు," అంటే తిరిగి చూసేది కాదు.

విషయం కదిలించింది అత్తగారు, అదీ కోడల్ని దెప్పడానికి. వార్డులో ముప్పై మూడేళ్ళు రోగికి ఎంత ఎక్కింది, ఎంత దిగింది, ఏ టైముకి అని సీసా గీతలు చూసి నర్సుకి చెప్పడం ఆవిడ పని. ఆ అలవాటు ఇంటికి తెచ్చుకుంది. కుళాయి కింద బకెట్ పెట్టి, గడియారం చూసి, మనవరాలి చేత నోట్సు పుస్తకంలో రాయించడం మొదలుపెట్టింది. సంవత్సరం తిరిగేసరికి కోడలి ముందు పరిచి చూపిద్దామని.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం పుస్తకం తీసింది. "చూసుకో నీ పల్లం వైభవం. ఐదున్నరకి దారంలా వస్తాయి, బకెట్ నిండడానికి పదకొండు నిమిషాలు. ఆరున్నరకి పద్నాలుగు నిమిషాలు. ఏడింటికి ఆగిపోతాయి. రోజూ ఇదే వరస."

నీళ్ళక్క అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "ఏడింటికి ఆగిపోవడమేంటి? ఏడింటికే కదా నేను వదిలేది."

"అదే నేనూ అంటున్నా. నువ్వు వదిలావంటే ఆగిపోతాయి. ఏం చెయ్యో నీది."

"ఐదున్నరకి రావడమేంటి అసలు? అప్పుడు మన వాల్వు కట్టేసి ఉంటుంది."

"ఏమో తల్లీ, బకెట్‌కి అబద్ధం చెప్పడం రాదు. వీధిలో ఎవర్ని అడిగినా చెప్తారు. అందరూ ఐదున్నరకే లేచి పట్టుకుంటారు."

వీధిలో అందరికీ తెలిసిన సంగతే. చెప్పారు కూడా, తొలి రోజుల్లో. ఫిర్యాదుల పుస్తకంలో గుమాస్తా 'చివరి లైను, ఫోర్సు తక్కువ' అని మాత్రం రాశాడు, ఎందుకంటే ఆ గడిలో అంతకన్నా పట్టదు. ఆపరేటరు ఆ వేళకి మూత దగ్గర ఉంటుంది, కుళాయి దగ్గర ఉండదు. మూత దగ్గరున్నవాళ్ళకి కుళాయి కనపడదు, కుళాయి దగ్గరున్నవాళ్ళకి మూత కనపడదు. అధికారులకి రెండూ కనపడవు, వాళ్ళకి కనపడేది రిపోర్టు. ఆ రిపోర్టులో ఏటా ఒక మంచి వార్త ఉండేది. రోజూ ఎనిమిదింటికి ట్యాంకు కట్టేసేటప్పటికి అందులో పావు వంతు నీళ్ళు మిగులుతున్నాయి. సెక్షన్ ఇంజినీరు దాన్ని పొదుపు అని పై ఆఫీసుకి రాసి ఒకసారి ప్రశంసా పత్రం కూడా తెచ్చుకున్నాడు.

ఆ గురువారం ఆమెకి వారం సెలవు. బదులు డ్యూటీకి వచ్చే అతను కీ పట్టుకుని తిరుగుతున్నాడు. నీళ్ళక్క పదకొండేళ్ళలో మొదటిసారి నీళ్ళ వేళకి కుళాయి ముందు పీట వేసుకుని కూర్చుంది. అత్తగారు పక్కనే గడియారం పట్టుకుని నిలబడింది, ఆపరేషన్ గదిలో నిలబడ్డట్టు.

ఆరు యాభై ఎనిమిదికి దారంలా పడుతోంది. ఏడింటికి దారం కొంచెం సన్నబడింది. ఆగింది. మళ్ళీ కొంచెం సన్నబడింది. ఆగింది. నీళ్ళక్క ముందుకి వంగింది. ట్యాంకులో నీళ్ళు తగ్గితే కుళాయి దగ్గుతుంది, ఉమ్ముతుంది, గాలి వదులుతుంది. ఇది దగ్గడం లేదు. ఒక అంచెకి ఒక అంచె, మెట్లు దిగినట్టు తగ్గుతోంది. ఆమె తనకి తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదహారు, పదిహేడు. ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది.

ఇది నీళ్ళు అందక ఎండిన లైను కాదు. ఎవరో కీ పెట్టి కట్టేసిన లైను.

చీర కుచ్చిళ్ళు దోపుకుని వీధి చివరికి నడిచింది. బదులు ఆపరేటరు అప్పుడే మూత వేయబోతున్నాడు.

"ఏ వైపు తిప్పావ్?"

"ఎడమకే అక్కా. నువ్వు చెప్పినట్టే. ఇరవై రెండు."

"కుడికి తిప్పు."

"కుడికి తిప్పితే కట్టేసినట్టు కదక్కా?"

"తిప్పు నాయనా, నేను చెప్తున్నాగా."

అతను ఆమె వంక అనుమానంగా చూసి తిప్పాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పిడికి చెవి ఆనించింది. ఐదో చుట్టుకి బుస మొదలైంది. పదో చుట్టుకి పెద్దదైంది. ఇరవై రెండుకి శాంతించింది. ఇన్నాళ్ళూ ఎడమకి తిప్పినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే వినపడేది. బుస, ఆ తర్వాత శాంతి. పూర్తిగా తెరిచిన వాల్వూ నిశ్శబ్దమే, పూర్తిగా మూసిన వాల్వూ నిశ్శబ్దమే. పెద్దాయన చెప్పని ముక్క అదే.

తొమ్మిదేళ్ళ కిందట ఆ వాల్వు పగిలితే స్టోర్సు నుంచి ఇంకో రకం తెచ్చి బిగించారు. అది తిరగడం తిరగబడిన రకం. కుడికి తిప్పితే తెరుచుకుంటుంది, ఎడమకి మూసుకుంటుంది. బిగించినవాళ్ళు మూత మీద రంగుతో బాణం వేశారట. ఆ వెంటనే కొత్త రోడ్డు వేసినప్పుడు, ఆమె కంటపడకముందే ఆ మూత తీసి పారేసి వేరేది పెట్టారు. బాణం దానితో పోయింది. అప్పటి నుంచి ఆ వీధి వాల్వు రోజంతా తెరిచి ఉండి, పైవాళ్ళు వాడుకోగా మిగిలిన దారం పంపేది. సొంత వంతు వచ్చిన గంట మాత్రం గట్టిగా మూసుకునేది.

ఆమె తిరిగి వచ్చేసరికి గుమ్మం ముందు తడి. అత్తగారు చీర కొంగు పిండుకుంటోంది. "బకెట్‌కి నలభై సెకన్లు," అంది. ఆవిడ గొంతులో ఓడిపోయిన ఛాయలేమీ లేవు, తన లెక్కే గెలిచిందన్న ధీమా ఉంది. "ఏమైందట?"

నీళ్ళక్క చెప్పింది. అత్తగారు మొత్తం విని, గడియారం గోడకి తగిలించి వచ్చింది.

"అంటే తొమ్మిదేళ్ళూ కట్టేసింది నువ్వే."

"నేనే అత్తయ్యా."

"రోజూ."

"రోజూ. ఇరవై రెండు చుట్లు."

"పైగా లెక్కపెట్టి మరీ."

కోడలు గడప మీద కూర్చుండిపోయింది. కూతురు వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మా, ఎవరికీ చెప్పకు. ఊరికే కుడికి తిప్పేసేయ్ రోజూ. ఎవరికి తెలుస్తుంది?"

నిజంగానే ఎవరికీ తెలియదు. పైగా మధ్యాహ్నానికే వీధిలో కథ తయారైపోయింది. అక్క వచ్చింది, నీళ్ళు తెచ్చింది. డ్రమ్ములు కడిగి బోర్లించుకుంటున్నారు. ఒకామె వచ్చి చేతులు పట్టుకుని వదల్లేదు. ఆరు గంటల వీధుల్లో ఇంకో కథ నడిచింది. నీళ్ళక్క లైను తన ఇంటికి తిప్పేసుకుందట, ఉద్యోగం చేతిలో ఉంటే అంతే మరి. దేవతా ఆమే, దొంగా ఆమే, అదీ ఒకే పూటలో. రెంటిలో దేనికీ ఆమె ఒప్పుకోలేదు. దొంగ అన్నందుకు కోపం వచ్చింది సరే, దేవత అన్నందుకు ఇంకా కోపం వచ్చింది. తన పని తనకి వచ్చునన్న ఒక్క విషయం మీద నిలబడిన మనిషికి పని తప్పు చేసి పొగడ్త తినడం మింగుడుపడదు.

సాయంత్రం వీధి మొదట్లో ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఇస్త్రీ ఆయనది ఆ వీధిలో పాతికేళ్ళ కాపురం. ఏ మాటైనా ఆయన బల్ల మీద పెడితే రాత్రికల్లా అన్ని గుమ్మాలకీ చేరుతుంది. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చొక్కా కాలరు మీద పెట్టె ఆపకుండా విన్నాడు.

"తొమ్మిదేళ్ళక్కా," అన్నాడు చివరికి.

"తొమ్మిదేళ్ళు."

"మా ఆవిడ నడుం ఆ ట్యాంకరు దగ్గరే పోయింది. ఆ బిందెలన్నీ నీతో మోయిస్తే ఎన్నేళ్ళు పడుతుందంటావ్?"

"లెక్కేసి చెప్పు. మోస్తా."

ఆయన చొక్కా మడతపెట్టి పక్కన పెట్టాడు. ఇంకో చొక్కా తీసుకున్నాడు. "మోయడానికి ఇప్పుడేముంది, కుళాయి ఇంట్లోనే ఉందిగా," అన్నాడు. క్షమించానని అనలేదు. ఆమె అడగనూ లేదు. ఆ నెలంతా ఆమె యూనిఫారం మాత్రం అందరివీ అయ్యాకే ఇస్త్రీ చేశాడు.

మర్నాడు ఆఫీసు. ఇంజినీరు మొదట కుర్చీలో వెనక్కి వాలాడు, తర్వాత లేచి తలుపు దగ్గరగా వేశాడు. "నీళ్ళు వస్తున్నాయిగా ఇప్పుడు? వదిలెయ్. రిజిస్టరులో పూడిక తీశాం అని రాద్దాం. నీకూ మంచిది, నాకూ మంచిది."

"తియ్యని పూడిక తీశామని రాస్తే, రేపు నా తర్వాత వచ్చేవాడు మళ్ళీ ఎడమకే తిప్పుతాడు సార్."

"నువ్వు చెప్తావుగా."

"నాకు మా పెద్దాయన చెప్పాడు. ఆయన చెప్పినట్టే తిప్పాను."

"మెమో వస్తుందమ్మా నీకు. ఇంక్రిమెంటు పోతుంది. కొత్తగా ఇల్లు కొన్నావు."

"తెలుసు సార్. మీ ప్రశంసా పత్రం సంగతి కూడా తెలుసు."

ఆ రెండో మాట అనకుండా ఉంటే బాగుండేదని ఆమె తర్వాత భర్తతో అంది. బైండరు మాత్రం, "కాగితం ఏదైనా మన షాపుకే వస్తుంది, మంచి అట్ట వేసిద్దాంలే," అన్నాడు. అతను జోకు వేయడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి.

రిజిస్టరులో ఆమే రాసింది. గుండ్రటి అక్షరాలతో, ఏ వాల్వు, ఎప్పుడు మార్చారు, ఏ వైపు తిరుగుతుంది, ఎన్నాళ్ళు తప్పు తిప్పాం, ఎవరు తిప్పారు. కింద సంతకం. రెండు నెలలకి మెమో వచ్చింది. విధి నిర్వహణలో నిర్లక్ష్యం, ఒక ఇంక్రిమెంటు ఏడాది పాటు నిలుపుదల. ఆమె అది నిలబడి చదివి, వెనక్కి ఇచ్చేసింది. ఎనిమిదేళ్ళు అని టైపు చేశారట. తొమ్మిది అని దిద్ది పంపితే గానీ తీసుకోనంది. మెమోలో తన తప్పు పెంచి రాయించుకున్న మనిషిని గుమాస్తా తన సర్వీసులో చూడటం అదే మొదటిసారి.

దిద్దిన మెమోతో పాటు ఇంకోటి కూడా పై ఆఫీసు నుంచి దిగింది. పేటలన్నిటిలో వాల్వులన్నీ తిప్పి చూడమని ఉత్తర్వు. మిగతా పేటల్లో తిరగబడినవి ఇంకో మూడు దొరికాయి. ఒకటి ఆసుపత్రి వెనక, అత్తగారు ముప్పై మూడేళ్ళు బకెట్లు మోసిన వార్డు లైను మీద. ఆ కబురు ఆవిడకి కోడలే చెప్పింది. "నేనింకా పై అంతస్తుకి నీళ్ళు ఎక్కక మోశాననుకున్నా," అంది ఆవిడ.

ఇప్పుడు ఆ పేటలో పద్నాలుగు మూతల మీదా పద్నాలుగు బాణాలు ఉన్నాయి. మూతలు మారతాయని ఆమెకి తెలుసు, అందుకని బాణాల పుస్తకం వేరే ఉంది. ఏ మూత, ఎన్ని చుట్లు, ఏ వైపు, ఆఖరున ఏ కుళాయి దగ్గర ఎవరు నిలబడి చూశారు. బైండరు దానికి తడికి చెడని నల్ల కాన్వాసు అట్ట వేసి, వీపు మీద మూడు వరసల కుట్టు వేశాడు. అతని చేతి పనుల్లో అతను వేలు పెట్టి చూపించేది అదొక్కటే. కొత్తగా చేరిన ఆపరేటర్లని శాఖ ఇప్పుడు నీళ్ళక్క దగ్గరికి పంపుతుంది. మొదటి రోజు ఆమె వాళ్ళ చేతికి కీ ఇవ్వదు. వాళ్ళని ఏడు గంటల వీధిలో తన ఇంటికి తీసుకొచ్చి, కుళాయి ముందు పీట వేసి కూర్చోబెడుతుంది. అత్తగారు గడియారం తెస్తుంది. ఎవరైనా ఇదెందుకమ్మా అంటే ఆవిడే జవాబు చెబుతుంది. "మా కోడలు తొమ్మిదేళ్ళు తిప్పి నేర్చుకుంది. మీకు ఒక్క పూట చాలంటోంది, అదృష్టవంతులు."

మా కోడలు అన్నప్పుడు ఆవిడ గొంతు కొంచెం పెరుగుతుంది. పక్కింటికి వినపడేంత.

వీధిలో ధరలు పెరిగాయి. ఆ బ్రోకరే నిరుడు వచ్చి, కొన్నదానికి ఒకటిన్నర రెట్లు ఇప్పిస్తానన్నాడు. నీళ్ళక్క కుళాయి కట్టేసి లేచి, "ఆరు గంటల వీధిలో ఆ మోటరు ఇంకా ఉందా?" అని అడిగింది. అతను టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

పోయిన ఇంక్రిమెంటు ఏడాది తర్వాత తిరిగి వచ్చింది. కోత పడిన ఆ ఏడాది కూడా అత్తగారి వాయిదా ఒక్కటి తప్పలేదు. నెలకి ఆరు వేలు, కొడుకు బైండు చేసిన పుస్తకంలో మనవరాలి చేత రాయిస్తుంది. మొన్నటి నెలతో నలభై నాలుగు వాయిదాలు అయ్యాయి. అత్తగారికి ఇంకా లక్షా ముప్పై ఆరు వేలు బాకీ.